నాస్‌కి హార్డ్‌డ్రైవ్ కొంటున్నారా? టీబీలు, ధర చూసే ముందు మోడల్ నంబర్ చూడండి

ఆన్‌లైన్‌లో "4 టీబీ హార్డ్‌డ్రైవ్" అని కొట్టి చూడండి. ఒకే కంపెనీవి మూడు నాలుగు రకాలు కనిపిస్తాయి. ఒకటి డెస్క్‌టాప్‌కి, ఒకటి సీసీటీవీకి, ఒకటి నాస్‌కి, ఇంకోటి డేటా సెంటర్లకి. అన్నీ మూడున్నర అంగుళాల సైజే, అన్నిటికీ అదే సాటా కనెక్టర్. ఏది తెచ్చి నాస్ బాక్స్‌లో పెట్టినా లైట్ వెలుగుతుంది, స్టోరేజ్ కనిపిస్తుంది. మరి అన్నీ పనిచేస్తున్నప్పుడు ఎక్కువ డబ్బులు పెట్టి "నాస్ డ్రైవ్" ఎందుకు కొనాలి?

ఈ ప్రశ్నకి జవాబు డ్రైవ్ బిగించిన రోజు దొరకదు. రెండు మూడేళ్ల తర్వాత, బాక్స్‌లో ఒక డ్రైవ్ పోయిన రోజు దొరుకుతుంది. పోయినదాని స్థానంలో కొత్తది పెట్టగానే రెయిడ్ రీబిల్డ్ మొదలవుతుంది. మిగిలిన డ్రైవ్‌లోని డేటా మొత్తాన్ని మొదటి నుంచి చివరి దాకా చదివి కొత్తదాంట్లో రాస్తుంది. గంటల తరబడి, ఆగకుండా. ఆ టైమ్‌లో మీ ఫొటోలకి ఉన్న రక్షణ ఆ మిగిలిన ఒక్క డ్రైవే. అందుకే నాస్‌కి "కంపాటిబుల్" అంటే స్లాట్‌లో పట్టడం మాత్రమే కాదు. ఆ రీబిల్డ్‌ని తట్టుకుని పూర్తి చేయగలగాలి. ఈ ఆర్టికల్‌లో ప్రతి పాయింట్‌నీ ఆ కోణంలోనే చూద్దాం.

గూగుల్ ఫొటోస్ 2021 జూన్ 1 నుంచి అన్‌లిమిటెడ్ ఫ్రీ స్టోరేజ్ ఆపేశాక, ఇంట్లోనే సొంత స్టోరేజ్ పెట్టుకోవాలనే ఆలోచన మనలో చాలామందికి వచ్చింది. చిన్నప్పటి క్యాసెట్ల నుంచి కన్వర్ట్ చేయించిన వీడియోలు, అక్క పెళ్లి ఆల్బమ్, ఫోన్‌లో నిండిపోయిన ఫొటోలు అన్నీ ఒక చోటికి చేరతాయి. వీటిలో ఏదీ మళ్లీ డౌన్‌లోడ్ చేసుకునేది కాదు. కాబట్టి డ్రైవ్ విషయంలో లైట్ తీసుకోకూడదు.

మొదటి ఫిల్టర్: సీఎంఆరా, ఎస్ఎంఆరా?

హార్డ్‌డ్రైవ్ ప్లేటు మీద డేటా ట్రాకులుగా రాస్తారు. సీఎంఆర్ పద్ధతిలో ట్రాకులు పక్కపక్కన, దేనికది విడిగా ఉంటాయి. ఒక ట్రాక్ మార్చాలంటే అదొక్కటే మారుస్తుంది. ఎస్ఎంఆర్‌లో ట్రాకులు పెంకుటింటి పైకప్పు మీద పెంకుల్లా ఒకదాని అంచు మీద ఇంకోటి ఎక్కి ఉంటాయి. అదే ప్లేటులో ఎక్కువ డేటా పడుతుంది కాబట్టి కంపెనీకి ఖర్చు తగ్గుతుంది. చిక్కేంటంటే, మధ్యలో ఒక పెంకు మార్చాలంటే దాని మీద ఎక్కిన పెంకులన్నీ తీసి మళ్లీ పేర్చాలి కదా? ఇక్కడా అంతే. చిన్న మార్పుకి కూడా ఒక పెద్ద బ్యాండ్ మొత్తం చదివి మళ్లీ రాయాల్సి వస్తుంది.

మామూలు వాడకంలో ఈ తేడా మనకి తెలియదు. ఎస్ఎంఆర్ డ్రైవ్ తన దగ్గర కొంత భాగాన్ని క్యాష్‌లా ఉంచుకుంటుంది. వచ్చిన డేటాని గబగబా అందులో పడేసి, ఖాళీ దొరికినప్పుడు తీరిగ్గా సర్దుకుంటుంది. రీబిల్డ్‌లో ఆ ఖాళీ దొరకదు. క్యాష్ నిండిపోతుంది, స్పీడ్ పాతాళానికి పడిపోతుంది.

2020 ఏప్రిల్‌లో ఈ గొడవ బయటపడింది. వెస్టర్న్ డిజిటల్ తన రెడ్ సిరీస్‌లో, అంటే నాస్ కోసమే అని అమ్మే డ్రైవ్‌లలో, 2 నుంచి 6 టీబీ వరకు కొన్ని మోడళ్లలో ఎస్ఎంఆర్ వాడుతోందని, ఆ మాట స్పెక్ షీట్‌లో చెప్పలేదని తేలింది. సర్వ్‌దహోమ్ అనే టెక్ వెబ్‌సైట్ 4 టీబీ డ్రైవ్‌లతో జెడ్‌ఎఫ్‌ఎస్ ఫైల్ సిస్టమ్‌లో రీబిల్డ్ టెస్ట్ చేసింది. సీఎంఆర్ డ్రైవ్‌లు ఒక రోజు లోపే పని ముగించాయి. ఎస్ఎంఆర్ రెడ్‌కి తొమ్మిది రోజులకు పైగా పట్టింది. తొమ్మిది రోజులు రక్షణ లేకుండా డేటాని వదిలేయడం అంటే ఎలా ఉంటుందో ఊహించుకోండి. అమెరికాలో దీని మీద క్లాస్ యాక్షన్ కేసు కూడా నడిచింది. ఆ తర్వాత కంపెనీ పేర్లు విడదీసింది. ఉత్త "రెడ్" అంటే ఎస్ఎంఆర్, "రెడ్ ప్లస్", "రెడ్ ప్రో" అంటే సీఎంఆర్.

సీగేట్‌లో ఐరన్‌వుల్ఫ్ సిరీస్, తోషిబాలో ఎన్300 సిరీస్ నాస్ కోసం చేసిన సీఎంఆర్ డ్రైవ్‌లు. సీగేట్ బరాకుడా పేరుతో వచ్చే డెస్క్‌టాప్ డ్రైవ్‌లలో మనం ఎక్కువగా చూసే 4 టీబీ, 8 టీబీ మోడళ్లు ఎస్ఎంఆర్. వాటిని బ్యాకప్ కోసం అప్పుడప్పుడు తగిలించే డ్రైవ్‌గా వాడుకుంటే ఇబ్బంది లేదు. రెయిడ్‌లో మాత్రం పెట్టొద్దు.

మోడల్ నంబర్ ఎలా చదవాలి?

సైట్‌లో టైటిల్ నమ్మకండి. "బెస్ట్ ఫర్ నాస్, పీసీ, డీవీఆర్" అని అమ్మేవాళ్లు ఏదైనా రాసుకుంటారు. డ్రైవ్ లేబుల్ మీద ఉండే మోడల్ నంబర్ పూర్తిగా చూడండి.

సీగేట్‌లో చూడటం తేలిక. ఎస్‌టీ4000డీఎం004 తీసుకుందాం. 4000 అంటే 4 టీబీ. డీఎం అంటే డెస్క్‌టాప్ డ్రైవ్. అదే చోట వీఎన్ ఉంటే ఐరన్‌వుల్ఫ్, వీఎక్స్ ఉంటే సీసీటీవీకి చేసే స్కైహాక్, ఎన్ఎం ఉంటే డేటా సెంటర్ ఎక్సోస్. రెండక్షరాల్లో జాతకం తెలిసిపోతుంది.

వెస్టర్న్ డిజిటల్‌లో కాస్త జాగ్రత్త కావాలి. డబ్ల్యూడీ40ఈఎఫ్ఏఎక్స్ అనే 4 టీబీ రెడ్ ఎస్ఎంఆర్. దానికంటే పాతదైన డబ్ల్యూడీ40ఈఎఫ్ఆర్ఎక్స్ సీఎంఆర్. ఒక్క అక్షరమే తేడా. పైగా అదే ఈఎఫ్ఏఎక్స్‌తో ముగిసే 8 టీబీ మోడల్ మళ్లీ సీఎంఆర్. అందుకే చివరి అక్షరాలు మాత్రమే చూసి డిసైడ్ అవ్వకండి. మొత్తం నంబర్ కాపీ చేసి కంపెనీ సైట్‌లోని స్పెక్ షీట్‌లో "రికార్డింగ్ టెక్నాలజీ" అనే లైన్ చూడండి. ఇప్పుడు కంపెనీలు ఆ లైన్ ఇస్తున్నాయి. రెండు నిమిషాల పని.

ఏడు సెకన్ల లెక్క

ఇది చాలా రివ్యూల్లో కనిపించని పాయింట్. డ్రైవ్‌లో ఒక సెక్టార్ సరిగ్గా చదవడం రాలేదనుకుందాం. డెస్క్‌టాప్ డ్రైవ్ ఏం చేస్తుందంటే, పట్టు వదలని విక్రమార్కుడిలా మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది. పీసీలో డేటాకి ఇంకో కాపీ ఉండదు కాబట్టి అక్కడ అది మంచి గుణమే. ఒక్కోసారి ఈ ప్రయత్నం నిమిషం దాటుతుంది. రెయిడ్‌లో పరిస్థితి వేరు. అదే డేటా పక్క డ్రైవ్‌లో ఉంది. "నా వల్ల కాలేదు" అని త్వరగా చెప్పేస్తే చాలు, నాస్ పక్క డ్రైవ్ నుంచి తెచ్చుకుని పాడైన చోట మళ్లీ రాస్తుంది.

ఎక్కువ నాస్‌లు లోపల లినక్స్ మీదే నడుస్తాయి. లినక్స్ మామూలుగా ఒక డ్రైవ్ జవాబు కోసం 30 సెకన్లు ఎదురుచూస్తుంది. అప్పటికీ పలకకపోతే లింక్ రీసెట్ చేస్తుంది. అయినా డ్రైవ్ తన ధ్యానంలోనే ఉంటే అది పోయిందని రాసుకుని, రెయిడ్ నుంచి తీసేస్తుంది. ఒక్క సెక్టార్ సమస్యకి డ్రైవ్ మొత్తం వెళ్లిపోయినట్టు లెక్క. నాలుగు బేల రెయిడ్ 5లో ఇదే పని రీబిల్డ్ మధ్యలో జరిగితే? ఒక డ్రైవ్ ముందే పోయింది, రెండోది ఇప్పుడు తప్పుకుంది. వాల్యూమ్ పడిపోతుంది.

నాస్ డ్రైవ్‌లలో ఈ ప్రయత్నానికి సాధారణంగా 7 సెకన్ల హద్దు పెట్టి ఇస్తారు. దీన్ని ఎర్రర్ రికవరీ కంట్రోల్ అంటారు. వెస్టర్న్ డిజిటల్ దీన్నే టీఎల్ఈఆర్ అని పిలుస్తుంది. మీ దగ్గర ఇప్పటికే ఉన్న డ్రైవ్‌లో ఇది ఉందో లేదో స్మార్ట్‌సీటీఎల్ టూల్‌తో చూడొచ్చు. ఎస్‌సీటీ ఈఆర్‌సీ విలువ 70 అని వస్తే 7 సెకన్లు అని అర్థం, ఎందుకంటే అక్కడ లెక్క సెకనులో పదో వంతుల్లో ఉంటుంది. సపోర్ట్ లేదు అని వస్తే ఆ డ్రైవ్‌ని రెయిడ్‌కి దూరంగా పెట్టండి.

రోజుకి ఆరున్నర గంటల డ్రైవ్, రోజంతా పనిచేసే డ్రైవ్

బరాకుడా డెస్క్‌టాప్ డ్రైవ్‌ల స్పెక్ షీట్ తెరిస్తే ఏడాదికి 2400 పవర్ ఆన్ గంటలు, 55 టీబీ వర్క్‌లోడ్ అని ఉంటుంది. 2400ని 365తో భాగిస్తే రోజుకి సుమారు ఆరున్నర గంటలు. ఐరన్‌వుల్ఫ్ షీట్‌లో అదే చోట 8760 గంటలు ఉంటుంది. అంటే సంవత్సరం పొడవునా, రోజుకి 24 గంటలూ. వర్క్‌లోడ్ 180 టీబీ. రెడ్ ప్లస్‌దీ అదే 180. ఈ రెండిటికీ వారంటీ 3 సంవత్సరాలు. ప్రో మోడళ్లకి 5.

డెస్క్‌టాప్ డ్రైవ్ 2401వ గంటకి ఆగిపోతుందని కాదు దీనర్థం. కంపెనీ ఏ వాడకాన్ని దృష్టిలో పెట్టుకుని దాన్ని తయారు చేసిందో ఆ అంకె చెబుతోంది. నాస్ మాత్రం రాత్రి మనం పడుకున్నాకే ఫోన్ల బ్యాకప్‌లు తీసుకుంటుంది. దానికి సెలవు లేదు.

నాస్ కంపెనీ లిస్ట్ ఎంతవరకు చూడాలి?

నాస్ తయారుచేసే చాలా కంపెనీలకి ఒక కంపాటిబిలిటీ లిస్ట్ ఉంటుంది. మీ నాస్ మోడల్ సెలెక్ట్ చేసి, డ్రైవ్ మోడల్ నంబర్ వెతకండి. లిస్ట్‌లో ఉంటే నిశ్చింత. లేకపోతే రెండు అర్థాలు ఉండొచ్చు. వాళ్లు దాన్ని టెస్ట్ చేసి ఉండకపోవచ్చు, లేదా టెస్ట్‌లో ఫెయిలై ఉండొచ్చు. కొన్ని కంపెనీలు ఫెయిలైనవాటిని విడిగా చూపిస్తాయి. ఆ లిస్ట్ తప్పకుండా చూడండి.

ఈ లిస్ట్ కొన్నిసార్లు సలహాగా కాక తాళంగా కూడా మారుతుంది. 2025 ఏప్రిల్‌లో సినాలజీ తన కొత్త ప్లస్ సిరీస్ నాస్‌లకి తన సొంత డ్రైవ్‌లు, లేదా తను సర్టిఫై చేసినవి మాత్రమే పూర్తిగా పనిచేస్తాయని చెప్పింది. యూజర్లు మండిపడ్డారు. అదే ఏడాది అక్టోబర్‌లో డీఎస్ఎం 7.3 వెర్షన్‌తో ఆ డెస్క్‌టాప్ మోడళ్లకి హార్డ్‌డ్రైవ్‌ల విషయంలో కంపెనీ వెనక్కి తగ్గింది. అందుకే నాస్ బాక్స్ కొనే ముందే దాని డ్రైవ్ పాలసీ చదవండి. 2025 మధ్యలో రాసిన రివ్యూ చదివి భయపడినా, 2023 రివ్యూ చదివి ధీమాగా ఉన్నా, రెండూ తప్పే అవుతాయి.

పాత నాస్ ఎవరైనా ఇచ్చారా? అయితే గరిష్ఠంగా ఎన్ని టీబీల డ్రైవ్ తీసుకుంటుందో చూడండి. డేటా సెంటర్ డ్రైవ్‌లలో 4కేఎన్ అనే సెక్టార్ ఫార్మాట్‌వి ఉంటాయి. పాత బాక్స్‌లు వాటిని గుర్తించకపోవచ్చు. 512ఈ అని ఉన్నది తీసుకుంటే ఈ తలనొప్పి ఉండదు.

పాత పీసీనో, రాస్ప్‌బెర్రీ పైనో నాస్‌గా మార్చేవాళ్లకి ఇంకో లెక్క. మూడున్నర అంగుళాల డ్రైవ్‌కి 12 వోల్ట్‌ల సప్లై తప్పనిసరి. యూఎస్‌బీ పోర్ట్ ఇచ్చే 5 వోల్ట్‌లతో అది తిరగదు, విడిగా అడాప్టర్ ఉన్న ఎన్‌క్లోజర్ కావాలి. తిరగడం మొదలుపెట్టే క్షణంలో ఒక్కో డ్రైవ్ 12 వోల్ట్‌ల లైన్ నుంచి సుమారు 2 ఆంప్స్ దాకా లాగుతుంది. నాలుగు డ్రైవ్‌లు ఒకేసారి లేస్తే నాసిరకం పవర్ సప్లై చేతులెత్తేస్తుంది. ఎక్స్‌టర్నల్ డ్రైవ్ విప్పి లోపలిది వాడదామనుకునేవాళ్లు కూడా ఒకటి గుర్తుంచుకోండి. కొన్నిటిలో పవర్ డిజేబుల్ ఫీచర్ ఉంటుంది. సాటా పవర్ కేబుల్‌లో 3.3 వోల్ట్‌లు వస్తుంటే అవి అసలు స్టార్టే కావు. పైగా విప్పితే వారంటీతో పేచీ.

సీసీటీవీ డ్రైవ్ చవగ్గా వస్తోంది, తీసుకోవచ్చా?

కోఠి గుజరాతీ గల్లీలోనో, సికింద్రాబాద్ సీటీసీలోనో నాస్ డ్రైవ్ అడిగితే చాలాసార్లు సీసీటీవీ డ్రైవ్ చేతిలో పెడతారు. "సార్, ఇది కూడా 24 గంటలు నడిచేదే" అంటారు. ఆ మాట నిజమే. పర్పుల్, స్కైహాక్ రెండూ రోజంతా నడవడానికి చేసినవే. కాకపోతే వాటి ప్రధాన పని కెమెరాల నుంచి వచ్చే వీడియోని ఆగకుండా రాసుకోవడం. నాస్‌లో పని ఎక్కువగా చదవడం, చిన్న చిన్న ఫైళ్లు, ఫొటో థంబ్‌నెయిల్స్. బడ్జెట్ గట్టిగా ఉండి, మోడల్ సీఎంఆర్ అని షీట్‌లో చూసుకుని, నాస్ లిస్ట్‌లో కూడా ఉంటే రెండు బేల బాక్స్‌లో వాడొచ్చు. నాస్ డ్రైవ్‌కీ దానికీ తేడా కొద్ది వందలే అయితే నాస్ డ్రైవే తీసుకోండి.

సీల్ ఉంది కదా అని కొత్తదనుకోవద్దు

2025 జనవరిలో జర్మనీకి చెందిన హైజ ఒక విషయం బయటపెట్టింది. కొత్తవని అమ్ముడైన సీగేట్ ఎక్సోస్ డ్రైవ్‌లు నిజానికి వేల గంటలు వాడినవి. చియా అనే క్రిప్టో మైనింగ్‌లో వాడి వదిలేసినవి మార్కెట్‌లోకి వచ్చాయన్నది ప్రధాన అనుమానం. వాటి స్మార్ట్ రికార్డులో పవర్ ఆన్ గంటలు చెరిపేసి సున్నా దగ్గరికి తెచ్చారు. పట్టించింది ఫార్మ్ లాగ్. సీగేట్ డ్రైవ్‌లు లోపల విడిగా రాసుకునే లెక్క అది. స్మార్ట్‌సీటీఎల్ 7.4 వెర్షన్ నుంచి దాన్ని చదవొచ్చు. స్మార్ట్‌లో 10 గంటలు, ఫార్మ్‌లో 15 వేల గంటలు కనిపిస్తే ఇంకేం మాట్లాడక్కర్లేదు, రిటర్న్ పెట్టేయండి.

డ్రైవ్ చేతికి రాగానే చేయాల్సిన ఇంకో పని, సీరియల్ నంబర్‌ని కంపెనీ వారంటీ పేజీలో కొట్టి చూడటం. ఇండియాలో వారంటీ ఎప్పటిదాకా ఉందో చూపిస్తుంది. వేరే దేశానికి వెళ్లాల్సిన స్టాకో, కంప్యూటర్ కంపెనీకి బల్క్‌గా అమ్మిన డ్రైవో అయితే ఇక్కడ వారంటీ రాదు. షాపువాడు "మేం చూసుకుంటాం సార్" అంటే ఆ మాట బిల్లు మీద రాయించుకోండి.

ఎన్ని టీబీలు? ఎంత స్పీడ్?

4 టీబీ డ్రైవ్ పెడితే నాస్‌లో 3.6 అని కనిపిస్తుంది. మోసం కాదు. కంపెనీ వెయ్యిల్లో లెక్కేస్తుంది, సాఫ్ట్‌వేర్ 1024ల్లో లెక్కేస్తుంది. రెండు 4 టీబీలు రెయిడ్ 1లో పెడితే మీకు దక్కేది ఒకదాని స్థలమే. ఐఫోన్‌లో 4కే వీడియో 30 ఫ్రేమ్‌లతో, హై ఎఫిషియెన్సీ ఫార్మాట్‌లో నిమిషానికి సుమారు 170 ఎంబీ తీసుకుంటుంది. ఆ లెక్కన 4 టీబీలో దాదాపు 390 గంటల వీడియో పడుతుంది. నలుగురున్న ఇంటికి ఫొటోలు, వీడియోల వరకే అయితే చాలా ఏళ్లు సరిపోతుంది. సినిమాల కలెక్షన్ ఉంటే 8 టీబీ చూడండి.

సైజు పెరిగితే రీబిల్డ్ కూడా పెరుగుతుందని మర్చిపోవద్దు. సగటున సెకనుకి 150 ఎంబీ వస్తుందనుకుంటే 4 టీబీకి ఏడున్నర గంటలు, 8 టీబీకి దాదాపు 15 గంటలు. మధ్యలో నాస్‌ని వాడుతుంటే ఇంకా ఎక్కువ. నడుస్తుండగా కరెంటు పోతే? అందుకే నాస్‌కి చిన్న యూపీఎస్ పెట్టండి. యూఎస్‌బీతో నాస్‌కి కలిపే రకం అయితే, బ్యాటరీ అయిపోయే ముందు నాస్ తనంతట తనే సరిగ్గా షట్‌డౌన్ అవుతుంది.

7200 ఆర్‌పీఎం కోసం మాత్రం ఎక్కువ ఖర్చు పెట్టక్కర్లేదు. ఒక గిగాబిట్ నెట్‌వర్క్‌లో మనకి వచ్చేది సెకనుకి సుమారు 110 ఎంబీ. ఇప్పటి 5400 ఆర్‌పీఎం డ్రైవ్ పెద్ద ఫైళ్లకి దాన్ని తేలిగ్గా దాటుతుంది. 7200 వల్ల హాల్లో శబ్దం, వేడి పెరుగుతాయి. మన ఎండాకాలంలో టీవీ యూనిట్ అరలో తలుపు మూసి పెట్టే బాక్స్‌కి వేడి తగ్గడమే పెద్ద లాభం.

మరి ఏది కొనాలి?

రెండు బేల నాస్, ఇంటి ఫొటోలు అయితే రెడ్ ప్లస్ లేదా ఐరన్‌వుల్ఫ్, 4 లేదా 8 టీబీ. రెండిట్లో మీకు ఆ రోజు తక్కువ ధరకి, పూర్తి ఇండియా వారంటీతో దొరికింది తీసుకోండి. నాలుగు బేలు దాటి, వీడియో ఎడిటింగ్ లాంటి బరువైన పని ఉంటే ప్రో మోడళ్లు. శబ్దం సమస్య కాకపోతే ఎన్300. రెండు డ్రైవ్‌లు ఒకే షాపులో ఒకే బ్యాచ్‌వి కాకుండా, వేర్వేరు చోట్ల కొంటే ఇంకా మంచిది. ఒకే లోపం రెండిటికీ ఉండే అవకాశం తగ్గుతుంది.

బ్యాక్‌బ్లేజ్ అనే క్లౌడ్ బ్యాకప్ కంపెనీ తన డ్రైవ్‌ల ఫెయిల్యూర్ లెక్కలు ఏటా పబ్లిష్ చేస్తుంది. 2024లో అది 1.57 శాతం. అంటే ఏసీ గదుల్లో, నిపుణుల చేతుల్లో ఉన్నా నూటికి ఒకటో రెండో ఏడాదిలో పోతాయి. ఎంత మంచి డ్రైవ్ కొన్నా పోయే అవకాశం ఉంటుంది. రెయిడ్ ఉందని బ్యాకప్ మానేయొద్దు. పొరపాటున ఫోల్డర్ డిలీట్ అయితే రెయిడ్ రెండు డ్రైవ్‌లలోనూ శ్రద్ధగా డిలీట్ చేస్తుంది. ముఖ్యమైనవాటి కాపీ ఒకటి బయట డ్రైవ్‌లో, వీలైతే ఊళ్లో అమ్మానాన్నల దగ్గర ఉంచండి. ఇందాక వద్దన్న ఎస్ఎంఆర్ డ్రైవ్ ఈ పనికి చక్కగా సరిపోతుంది.

చివరిగా ఒక పని. నాస్ సెటప్ అయ్యాక ఫొటోలు ఎక్కించకముందే ఒక రిహార్సల్ చేయండి. అక్కర్లేని ఫైళ్లు కొన్ని కాపీ చేసి, డ్రైవ్‌లు నడుస్తుండగా తీయొచ్చని మీ నాస్ మాన్యువల్‌లో ఉంటే ఒకటి బయటికి లాగండి, లేకపోతే షట్‌డౌన్ చేసి తీయండి. ఫోన్‌కి అలర్ట్ వచ్చిందా? ఫైళ్లు తెరుచుకుంటున్నాయా? ఆ డ్రైవ్‌ని పూర్తిగా ఎరేజ్ చేసి, కొత్తదానిలా మళ్లీ పెట్టి రీబిల్డ్ మొదలుపెట్టండి. ఎన్ని గంటలు పట్టిందో రాసుకోండి. కొన్ని గంటల్లో అయ్యేది రెండు రోజులు పడుతుంటే, రిటర్న్ విండో ఇంకా తెరిచి ఉండగానే మీకు తెలిసిపోతుంది.